దివిసీమ రేవులో పడవ లెక్క

నాకు ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే తర్వాత మీరు నన్ను చూసి మరీ ఎక్కువ నవ్వుతారు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి ఈత ఎందుకు చెప్పండి? మా ఊరి పక్క పెన్నలో ఏడాదికి పది నెలలు ఇసుకే. అలాంటి నన్ను, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి పంపించి, ఒక రేవులో పడవ ఎక్కేవాళ్లను లెక్కపెట్టమన్నారు మా ఆఫీసువాళ్లు.

నయాపైసలు వచ్చిన కొత్త అది. రాష్ట్రం కూడా కొత్తదే. ఈ కొత్త రాష్ట్రానికి ఏడాదికి ఎంత ఆదాయమో లెక్క కట్టే పని హైదరాబాదులో మా ఆఫీసుది. వరి ఎంత పండిందో, పంచదార ఎంత తయారైందో లెక్క కట్టడం తేలిక. మరి మంగలి, చాకలి, జట్కా బండివాడు, హోటల్లో వడ్డించేవాడు, బడిపంతులు? వీళ్ల చేతుల్లో పండేదీ లేదు, తయారయ్యేదీ లేదు. అయినా వీళ్లు లేకపోతే ఒక్కరోజు గడవదు. ఈ పనులన్నిటినీ మా ఆఫీసులో "సేవలు" అని ఒకే గంపలో వేసి, ఏటా ఏదో ఒక అంకె ఊహించి రాసేవాళ్లం.

"ఊహించి ఊహించి నాకే సిగ్గేస్తోందయ్యా. పొలానికి ఎకరాలున్నాయి, మిల్లుకి పుస్తకాలున్నాయి. వీళ్లకేముంది? వెళ్లి నీ కళ్లతో చూసి రా" అన్నారు మా సూపరింటెండెంటు గారు. నా చేతికో ఫారం కట్ట ఇచ్చారు. అందులో నాలుగు గళ్లు: చేసే పని, రోజుకి ఎంతమందికి, మనిషికి ఎంత పుచ్చుకుంటారు, మొత్తం రాబడి. నాలుగు గళ్లేగా అని ధీమాగా బయల్దేరాను.

గుడివాడలో అర నయాపైస

గుడివాడలో రైలు దిగి, స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్లాను. పెసరట్టు తెప్పించుకున్నాను. మా వైపు అట్టంటే అరచేతి మందం ఉంటుంది, తింటే మధ్యాహ్నం దాకా ఆకలి అడగదు. ఇది పల్చగా, అంచులు కరకరలాడుతూ, మధ్యలో ఉల్లిపాయా పచ్చిమిర్చీ అల్లం ముక్కలతో ఉంది. మొదటిది ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. రెండోదానికి చెయ్యెత్తబోతుంటే, వడ్డించే ఆయన అప్పటికే తెచ్చి పెట్టేశాడు.

"నేను అడగలేదే!" అన్నాను.

"అడుగుతారని తెలుసండి. మొదటిది అంత గబగబా తిన్నవాళ్లు రెండోది తింటారు."

మనిషికి నడివయసు. భుజం మీద తువ్వాలు. సంచీలోంచి ఫారం తీసి, రోజుకి ఎంతమందికి వడ్డిస్తావని అడిగాను. చెప్పాడు. జీతమెంతో చెప్పాడు. ఆ పైన, "మిగతాది రాసుకోరా అండి?" అన్నాడు.

"మిగతాదేమిటి?"

"ఆ మూలనున్నాయన ఉల్లిపాయ ముట్టరు. గోడవారన కూర్చున్నాయనకి కాఫీ పొగలు కక్కాలి, లేకపోతే తిట్టేస్తారు. ఇలా ఓ వందమంది సంగతులు నాకు తెలుసండి. అవి ఏ గడిలో రాస్తారు?"

"వాటికి గడి లేదయ్యా."

"అదేంటండీ, వాళ్లు రోజూ ఈ హోటలుకే వచ్చేది అందుకేగా!"

ఫారం మడిచి సంచీలో పెట్టేశాను. లేచి డబ్బులివ్వబోతే ఇంకో పేచీ వచ్చింది. కాఫీ ఖరీదు రెండణాలు. రెండణాలంటే పన్నెండున్నర నయాపైసలు. ఆ అర నయాపైస ఎవడి దగ్గరా ఉండదు. నేను పన్నెండంటాను, గల్లాపెట్టె దగ్గరాయన పదమూడంటాడు. ప్రభుత్వ ఉద్యోగిని, నాకూ రోషం వచ్చింది. చివరికి వడ్డించే ఆయనే మధ్యలో దూరి, "ఇవాళ మీరు పదమూడివ్వండి. రేపు కాఫీకి పన్నెండే పుచ్చుకుంటాం. సరిపోతుంది" అన్నాడు.

"రేపు నేను బందరులో ఉంటానయ్యా."

"అయితే మళ్లీ వచ్చినప్పుడేనండి. తొందరేముంది?"

మా ఊళ్లో ఊరూ పేరూ తెలియనివాడితో ఎవరూ ఇలా మాట్లాడరు. నవ్వొచ్చి పదమూడూ ఇచ్చేశాను.

బందరులో ఎదురుచూసే మనిషి

మచిలీపట్నం అని టిక్కెట్టు మీద ఉంటుంది గానీ, అక్కడివాళ్లందరికీ అది బందరే. స్టేషను బయట పది జట్కాలు నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి గఫూర్ సాయిబుది. గడ్డం నెరిసిపోయింది, తల మీద తెల్ల టోపీ, గుర్రం మెడలో పూసలదండ. ఊళ్లో మూడు రోజులు అతని బండిలోనే తిరిగాను. చేపల మార్కెట్టు, అద్దకం బట్టలు ఆరేసిన పెరళ్లు, లడ్డు కొట్లు అన్నీ చూపించాడు. లడ్డు కొట్టు ముందు బండి ఆపి, "తినకపోతే బందరొచ్చినట్టు కాదండి" అని దిగేదాకా కదల్లేదు. ఆ లడ్డు నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. తర్వాత గంటసేపు మాట్లాడబుద్ధి కాలేదు.

రెండోరోజు అతని ఫారం రాయడం మొదలుపెట్టాను.

"రోజుకి ఎన్ని గంటలు పని చేస్తావు, సాయిబూ?"

"పొద్దున్నే బండి కట్టి స్టేషనుకి వస్తానండి. మళ్లీ దీపాలు పెట్టే వేళకి ఇంటికి."

"అది కాదు. బండి నడిచేది ఎంతసేపు?"

ఆలోచించాడు. "కలిపితే రెండు గంటలుంటుందేమోనండి."

"మరి మిగతా అంతా?"

"మిగతా అంతా ఉంటానండి."

"ఉండటం పనెలా అవుతుందయ్యా?"

గఫూర్ సాయిబు బండి ఆపి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. "నిన్న మీ రైలు గంటన్నర ఆలస్యం కదండీ. మీరు దిగేసరికి నేనున్నాను. లేకపోతే ఆ పెట్టె మోసుకుంటూ ఊళ్లోకి నడిచేవారు. ఉండకపోతే ఎలాగండి?" అన్నాడు.

నేను ఫారంలో రెండు గంటలే రాశాను. నాకున్న రూలు అదే. అతను చదవలేడు గానీ, ఏం రాశానో పోల్చుకున్నట్టున్నాడు. ఆ సాయంత్రం నాతో ఎక్కువ మాట్లాడలేదు.

ఆ మర్నాడు జిల్లా ఆఫీసులో గుమాస్తా ఒకాయన నాకో అదనపు పని తగిలించాడు. దివిసీమలో, నాగాయలంక అవతల, చిన్న లంక ఒకటుంది. అక్కడికి ఒకే ఒక పడవ. తారుకీ, మేకులకీ, తాళ్లకీ ఆ రేవుకి బ్లాకు ఆఫీసు నెలనెలా చిన్న గ్రాంటు ఇస్తుంది. పడవ ఎవరూ ఎక్కడం లేదని ఎవరో రాశారట. నిజమైతే ఆ గ్రాంటు ఆపేస్తారు.

"మీరెలాగూ లెక్కలు రాస్తున్నారు కదా. ఆ రేవులో రెండు రోజులు కూర్చుని, ఎంతమంది ఎక్కుతున్నారో రాసి, ఒక కాపీ బ్లాకు ఆఫీసులో ఇవ్వండి. అంకె చిన్నదైతే వాళ్లే చూసుకుంటారు" అన్నాడు.

అంతవరకు నా కాగితాల మీద ఎవరి బతుకూ ఆధారపడలేదు. కాస్త గర్వంగానే ఉందని ఒప్పుకోవాలి.

లంక రేవు, మొదటిరోజు

నాగాయలంకలో ఒక కాఫీ హోటలు వెనక గది దొరికింది. తెల్లారి నడిచి రేవుకి వెళ్లాను. ఆ లంక పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ ఎవడో ఫారం పట్టుకుని బయల్దేరతాడు. ముప్పై ఒక్క ఇళ్లున్న ఊరు. ఇవతలి గట్టు నుంచి గట్టిగా అరిస్తే అవతలికి వినపడుతుంది, కానీ మధ్యలో లోతు. సముద్రపు పోటు వచ్చినప్పుడు నీళ్లు వెనక్కి నడుస్తాయి. నది వెనక్కి నడవడం నేనెప్పుడూ చూడలేదు. నోరు వెళ్లబెట్టి చూస్తుంటే, పడవలోంచి ఒక ముసలాయన, "కొత్తా బాబూ?" అన్నాడు.

ఆయన ఏసోబు తాత. అరవై దాటాయి గానీ గెడ కర్రతో పడవ నెడుతుంటే భుజాలు కుర్రవాడివే. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ తాతా అనో, మావయ్యా అనో పిలుస్తారు. నేనెందుకొచ్చానో ఆయనకి చెప్పలేదు. చెబితే లెక్క చెడుతుందని మా ట్రైనింగులో నేర్పారు. తాటాకు పాక కింద కూర్చుని, ఎక్కినవాళ్లకి ఒక్కో గీత గీశాను. సాయంత్రానికి రెండు వైపులా కలిపి ఇరవై మూడు గీతలు. డబ్బిచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఆ ఇరవై మూడులో రెండు గీతలు రత్నమ్మ టీచరువి. నాగాయలంకలో కాపురం, లంకలో బడి. తెల్లచీర, నల్ల గొడుగు, చేతిసంచీలో హాజరుపట్టీ, బైబిలు. సాయంత్రం దిగి తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"పొద్దుట్నుంచి చూస్తున్నానండి. ఏం రాస్తున్నారు?"

అంత సూటిగా అడిగితే అబద్ధం ఆడలేకపోయాను. పడవ ఎక్కేవాళ్ల లెక్క అనీ, ఒక కాపీ బ్లాకు ఆఫీసుకి వెళ్తుందనీ చెప్పేశాను. ఆవిడ మొహంలో రంగు మారింది. "అలాగా అండీ" అని మాత్రం అని వెళ్లిపోయింది. ట్రైనింగు నీళ్లపాలైందని అప్పుడు నాకు తెలియలేదు.

రెండోరోజు

మర్నాడు తెల్లారేసరికి అవతలి గట్టు మీద తిరునాళ్లలా ఉంది. మొదటి పడవ నిండా మనుషులు. రెండోదీ అంతే. గీతలు గీయలేక నా చెయ్యి నొప్పెట్టింది. వెంకటస్వామి అనే రైతు చంకలో కోడిపుంజుతో దిగాడు.

"సంతకా?" అన్నాను.

"అవునండి, అమ్మేద్దామని."

అరగంటకి అదే కోడితో తిరిగి ఎక్కాడు. బేరం కుదరలేదట. ఇంకో గంటకి మళ్లీ దిగాడు, కోడితోనే.

"మళ్లీ ఏమిటయ్యా?"

"కోడి మనసు మార్చుకుందండి" అన్నాడు మొహం నిండా అమాయకత్వంతో.

పట్టుచీరలు కట్టుకుని ఎనిమిది మంది ఆడవాళ్లు దిగారు. పెళ్లిచూపులకట. పిల్ల ఎవరని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంకా అనుకోలేదండి" అంది ఒకావిడ. ఒక ముసలమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నాలుగుసార్లు అటూ ఇటూ దాటింది. నాలుగోసారి గంప దించి, "నాయనా, నన్ను రాసుకున్నావా?" అని అడిగి మరీ వెళ్లింది. మధ్యాహ్నం దాటేసరికి నూట నలభై గీతలు.

నాకు ఒళ్లు మండింది. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఏసోబు తాతేమో చెమటలు కారుతూ గెడ వేస్తూనే ఉన్నాడు. "నేను వద్దన్నాను బాబూ. వింటారా వీళ్లు?" అన్నాడు దించేటప్పుడు.

నాలుగింటికి రత్నమ్మ టీచరు బడి ముగించుకుని వచ్చింది. ఆవిడకి కూడా ఆరోజు నాలుగు గీతలున్నాయి. "మీరు కూడానా టీచరుగారూ?" అన్నాను కోపంగా.

ఆవిడ తల దించుకుంది. "హాజరుపట్టీ ఇంట్లో మర్చిపోయానండి."

"సంచీలోనే ఉంది, కనపడుతోంది."

సంచీ మూతి మూసి, అసలు సంగతి చెప్పింది. "గ్రాంటు ఆగిపోతే తారు కొనలేడండి తాత. పడవ అమ్మేసి, బంటుమిల్లిలో అల్లుడింటికి వెళ్లిపోతానంటున్నాడు. ఆ తర్వాత నేను బడికెలా రావాలి? ఇంకో టీచరు ఈ లంకకి వస్తుందా? అంకె పెద్దదైతే ఆపరని నేనే వీళ్లకి చెప్పాను. తప్పంతా నాదేనండి."

"అంకె సంగతి తర్వాత. ఒక్కరైనా డబ్బిచ్చారా? నూట నలభైమంది ఎక్కితే నా ఫారంలో రాబడి సున్నా! సున్నా అని రాస్తే గ్రాంటు వాళ్లు ఇంకా ముందే ఆపేస్తారు."

ఆవిడ తెల్లబోయింది. "రేవుకి డబ్బెందుకిస్తారండీ? పంటకి మేర కొలుస్తాం కదా."

అప్పుడు తెలిసింది ఆ ఊరి పద్ధతి. కోతలయ్యాక, వడ్లు ఇంటికి చేర్చకముందే, ఇంటికో కుంచం తాతకి కొలుస్తారు. అదే మేర. ఏడాదంతా ఎన్నిసార్లు ఎక్కినా అంతే, ఒక్కసారి ఎక్కినా అంతే.

"అసలు ఎక్కనివాళ్లో?"

"వాళ్లూ కొలుస్తారండి."

"ఎక్కనప్పుడు ఎందుకు?"

"ఎక్కాల్సొచ్చిన రోజున ఉండాలిగా అండి."

గఫూర్ సాయిబు నా ముందు నిలబడి ఆ మాట అన్నట్టే అనిపించింది. కానీ నా కోపం దిగలేదు. నా రూలు నాది.

టీచరు ఇంటికి వెళ్లిపోయింది. ఏసోబు తాత నన్ను లంకలో భోజనానికి రమ్మన్నాడు. ఇంకా పొద్దుంది. దొంగ ప్రయాణాలు ముగించుకున్న జనమంతా ఆ ఆఖరి పడవలోనే ఎక్కారు. కోడితో సహా వెంకటస్వామి నా పక్కనే. పొద్దుట్నుంచి అన్ని బరువులు మోసిన పడవ పాపం ఎంతకని ఓర్చుకుంటుంది? అవతలి గట్టు దగ్గరపడుతుండగా అడుగున ఒక పలక సందు విడిచింది. ముందు నా చెప్పులు తడిశాయి. తర్వాత మడమలు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు గానీ, "అమ్మా! చచ్చానురో!" అని అరిచింది నేనేనని అందరూ చెప్పారు.

"లెగండి ఆఫీసరుగారూ, నుంచోండి!" అంటున్నారు చుట్టూ. లేచి నిలబడ్డాను. నీళ్లు నడుం దాకా ఉన్నాయి. నాకంటే పొట్టివాళ్లు నిలబడి నవ్వుతున్నారు. కోడి నా నెత్తి మీద ఉంది.

నా చేతిలో ఉన్న రేవు ఫారాలు మాత్రం తడిసి ముద్దయ్యాయి. ఇరవై మూడు గీతలూ, నూట నలభై గీతలూ కలిసి నీలిరంగు మరకలైపోయాయి.

పడవ ఆగిన రోజు

పడవని ఒడ్డుకి లాగి బోర్లించారు. పీచు కుక్కి, తారు పూసి, అది ఆరాలంటే రేపంతా పడుతుందన్నాడు తాత. నేను లంకలో ఇరుక్కున్నాను. తాత భార్య మరియమ్మ తాత పంచె ఒకటి నాకు కట్టబెట్టి, ఎండురొయ్యలు వేసిన దోసకాయ కూరతో అన్నం పెట్టింది. మా ఇంట్లో సంగటి ముద్ద పక్కన గంటెడు అన్నం పెడితే ఆరోజు పండగ. ఇక్కడ గిన్నెడు అన్నం ముందు పెట్టి, ఏమీ తినడం లేదని ఆవిడ బాధపడింది. తాగే నీళ్లు ఇసుకలో తవ్విన చెలమలోవి. మా పెన్నలో చెలమ నీళ్లే గుర్తొచ్చాయి. ఆ ఒక్క గుక్కతో నాకు ఆ ఊరంటే కొత్త పోయింది.

పొద్దున్నే మరియమ్మ ఇచ్చిన పెన్సిలుతో గట్టు మీద కూర్చున్నాను. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. పడవే లేదు. అలవాటు చొప్పున, జరుగుతున్నది రాద్దామనుకున్నాను. తీరా చూస్తే, జరగనివే కనపడ్డాయి.

పాలు పోసే ఆవిడ బిందె దింపి గట్టు మీద నిలబడి, ఎండెక్కాక వెనక్కి తిరిగింది. రెండు గంపల దోసకాయలు సంతకి వెళ్లలేదు. పంటి నొప్పితో చెంప పట్టుకుని ఒకతను వచ్చి, బోర్లించిన పడవని చూసి, మూలుగుతూ నా పక్కనే కూలబడ్డాడు. నాగాయలంక ఆసుపత్రికి వెళ్లాలనుకున్నాడట.

తొమ్మిదింటికి అవతలి గట్టు మీద నల్లగొడుగు కనపడింది. రత్నమ్మ టీచరు. పిల్లలంతా ఇవతలి గట్టుకి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ గొడుగు పైకెత్తింది. పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆవిడ సంచీలోంచి హాజరుపట్టీ తీసి, ఒక్కొక్క పేరే గొంతెత్తి పిలిచింది. ఆ పిలుపు నీళ్ల మీద నుంచి వచ్చేది. ఇక్కణ్ణించి పిల్లలు ఒక్కొక్కరే, "ప్రెజెంట్ టీచర్!" అని గుండెలు పగిలేలా అరిచారు. మధ్యలో పోటు వచ్చి నది వెనక్కి నడుస్తోంది. అందరి పేర్లూ అయ్యాక ఆవిడ ఇక చేసేదేం లేక, ఇసుకలో కూర్చుండిపోయింది. ఇంటికి మాత్రం వెళ్లలేదు.

పదకొండింటికి పోస్టుమాన్ వచ్చి ఆవిడ చేతిలో ఒక కార్డు పెట్టాడు. ఆవిడ లేచి, "వెంకటస్వామీ!" అని పిలిచింది. అతను గట్టుకి వచ్చాడు. ఆవిడ కార్డు చూస్తూ అరిచి చదివింది. "మీ చెల్లెలికి... ఆడపిల్ల పుట్టిందట! తల్లీ పిల్లా క్షేమం! నిన్ను చూడాలంటోందట!"

గట్టంతా గోలగోల. ఆడవాళ్లు అతని చుట్టూ మూగారు. వెంకటస్వామి నవ్వుతున్నాడు గానీ, మాటిమాటికీ తారు ఆరని పడవ వైపు చూస్తున్నాడు. "రేపు మొదటి పడవకే ఎక్కుతానండి. ఈసారి కోడి నిజంగానే దాటుతుంది, మా చెల్లెలికి" అన్నాడు నాతో.

నేను లేచి తాత దగ్గరికి వెళ్లాను. తారు డబ్బా అడుగున గోకి గోకి తీస్తున్నాడు.

"గ్రాంటు ఆగితే నిజంగానే బంటుమిల్లి వెళ్లిపోతారా తాతా?"

"తారు లేకపోతే పడవ ఏముంది బాబూ, కట్టెపుల్లలేగా. అల్లుడు మంచోడే, రమ్మంటున్నాడు." గోకడం ఆపాడు. "అక్కడ తిండికేం లోటుండదు. కానీ పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లను? నన్నెవరు పిలుస్తారు?"

నిన్న టీచరు మీద అరిచినందుకు సిగ్గేసింది. మళ్లీ వెళ్లి గట్టు మీద కూర్చుని, ఆరిన ఫారం ఒకటి తిరగేసి, వెనకవైపు తెల్లకాగితం మీద పైన ఇలా రాశాను: "పడవ లేని రోజున ఈ లంకలో జరగనివి." పాలు, దోసకాయలు, పంటి నొప్పి, బడి, వెంకటస్వామి చెల్లెలు, అన్నీ రాశాను. నా పని కూడా రాశాను, ఆరోజు అదీ జరగలేదు కాబట్టి. ముందురోజు జనం ఎందుకు అన్నిసార్లు దాటారో, అంకెలు ఎలా నీళ్లలో కలిశాయో అదీ దాచకుండా రాశాను.

మర్నాడు మొదటి పడవలో కోడీ, నేనూ దాటాం. దిగేటప్పుడు తాతకి అర్ధరూపాయి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేవులో డబ్బు పట్టను బాబూ. మీరూ పంటకే ఇద్దురుగాని."

తిరుగు దారి

బ్లాకు ఆఫీసరు గారు నా కాగితం మొత్తం చదివారు. తిరగేసి ముందువైపు చూశారు. అక్కడ నీలిమరకలు తప్ప ఏమీ లేవు.

"ఇందులో అంకె ఏదయ్యా?"

"తడిసిపోయిందండి."

"అంకె లేకుండా నేనేం చేసుకోను దీన్ని?"

"తెలియదండి. చూసింది రాశాను."

ఆయన ఇంకోసారి వెనకవైపు చదివి, పేపరువెయిటు కింద పెట్టి, "చూద్దాం" అన్నారు. అంతే. ఆ చూద్దాం అన్నమాట ఏ వైపుకి వాలుతుందో నాకు అర్థం కాలేదు. బస్సులో అదే ఆలోచన.

బందరు స్టేషనులో గఫూర్ సాయిబు ఉన్నాడు. ఇంకెక్కడుంటాడు? రైలు వచ్చేదాకా అతని బండిలో కూర్చుని, నాగాయలంక గదిలో పెట్టెలో ఉండి తడవకుండా మిగిలిన అతని ఫారం తీసి, రెండు గంటలు కొట్టేసి, "పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా" అని రాసి చదివి వినిపించాను. "ఇప్పుడు సరిగ్గా ఉందండి" అన్నాడు. గుడివాడలో కాఫీకి పన్నెండు నయాపైసలు ఇచ్చాను. వడ్డించే ఆయన నన్ను గుర్తుపట్టి, "చూశారా, సరిపోయింది!" అన్నాడు.

హైదరాబాదులో మా సూపరింటెండెంటు గారు నన్ను గంటసేపు చివాట్లు పెట్టారు. కొన్నాళ్లకి పుస్తకం అచ్చయింది. లావుపాటి పుస్తకం. వెతగ్గా వెతగ్గా సేవలన్నీ కలిపి ఒక వరసలో దొరికాయి. పక్కన ఒక పెద్ద అంకె. అందులో ఏసోబు తాత ఎక్కడున్నాడో నేను కూడా చెప్పలేను.

కోతల కాలం వచ్చింది. మాట గుర్తుంది కాబట్టి, ఏసోబు తాత పేరున రెండు రూపాయలు మనీఆర్డరు చేశాను. మూడు వారాలకి అది తిరిగొచ్చింది. పుచ్చుకోలేదని రాసి ఉంది. పడవ అమ్మేశాడు, బంటుమిల్లి వెళ్లిపోయాడు అనుకున్నాను. ఆ రోజు ఆఫీసులో ఏ పనీ చేయలేకపోయాను.

రెండు రోజుల తర్వాత కార్డు ముక్క వచ్చింది. గుండ్రటి అక్షరాలు, రత్నమ్మ టీచరువి.

"ఏసోబు తాత చెప్పగా రాస్తున్నాను. రేవు మేర డబ్బుగా పుచ్చుకోడట. వడ్లే కావాలట. అది కూడా మీరే వచ్చి పడవ దగ్గర కొలవాలట. పడవకి ఈ నెల కొత్త తారు వేశాం. గ్రాంటు ఆగలేదు, డబ్బా నిండా వచ్చింది, ఇంకా మిగిలింది. వెంకటస్వామి మేనకోడలు బోర్లా పడుతోంది. మొన్న కళ్లంలో తాత అందరి మేరా కొలిపించుకుని, లంకలో ఇళ్లు ముప్పై రెండు అన్నాడు. ముప్పై ఒకటే కదా తాతా అంటే, ఒక ఇల్లు హైదరాబాదులో ఉంది, వాళ్లింకా కొలవలేదు అన్నాడు."

పదేళ్లుగా నేను జనాన్ని లెక్కపెడుతున్నాను. నన్ను లెక్కలో వేసుకున్నవాళ్లు వీళ్లే. మా ఊళ్లో వడ్లు పండవు. బజార్లో ఒక కుంచం కొని, గోనెసంచీలో పోసి, సెలవు చీటీ రాసి పెట్టాను. కారణం గడిలో "ఇంటి మేర కొలవడానికి" అని రాశాను.